బూడిద తడవకముందే తేలాల్సిన లెక్క: ఉత్తర తెలంగాణ థర్మల్ కేంద్రాల వ్యర్థం ఎటు పోతోంది?

సంక్షిప్తంగా: రామగుండం, జైపూర్, చెల్పూరు థర్మల్ కేంద్రాలు ముప్పావు లోడు మీద నడిచిన రోజున వాటి నుంచి వచ్చే బూడిద సుమారు 29 వేల టన్నులు ఉంటుందని అంచనా. పొడిగా పట్టిన బూడిదకు సిమెంటు కంపెనీల దగ్గర గిరాకీ ఉంది. నీళ్లు కలిపి చెరువులోకి వదిలిన బూడిద రోడ్డు కట్టలకూ గోతులు పూడ్చడానికీ తప్ప పెద్దగా పనికిరాదు. కేంద్ర నిబంధనలు కోరుతున్న వంద శాతం వినియోగం కాగితం మీద సాధ్యమే. అయితే పాత చెరువుల్లో మిగిలి ఉన్న నిల్వ ఆ శాతంలో కనబడదు, వాటిలోంచి తీసిన బూడిద, గని గోతుల్లో పోసిన బూడిద మాత్రం కలుస్తాయి. అందుకే శాతం ఒక్కటే చూసి సమస్య తీరిందో లేదో చెప్పలేం.

ఇంత బూడిద ఎలా వస్తుంది

గోదావరి పరీవాహకంలో, బొగ్గు గనుల పక్కనే ఉత్తర తెలంగాణ థర్మల్ కేంద్రాలు వెలిశాయి. రామగుండంలో 1983లో మొదటి యూనిట్‌తో మొదలైన ఎన్‌టీపీసీ కేంద్రం సామర్థ్యం 2,600 మెగావాట్లు. దాని పక్కనే 2023-24లో రెండు 800 మెగావాట్ల యూనిట్లతో తెలంగాణ సూపర్ థర్మల్ కేంద్రం వచ్చింది. మంచిర్యాల జిల్లా జైపూర్‌లో సింగరేణి సంస్థకు 1,200 మెగావాట్లు, భూపాలపల్లి జిల్లా చెల్పూరులో జెన్‌కో కాకతీయ కేంద్రానికి 1,100 మెగావాట్లు ఉన్నాయి. మొత్తం 6,500 మెగావాట్లు.

ఒక యూనిట్ కరెంటుకు సుమారు 650 గ్రాముల బొగ్గు కాలుతుంది. మన బొగ్గులో బూడిద 30 నుంచి 45 శాతం దాకా ఉంటుంది. సగటున 38 శాతం అనుకుంటే, 500 మెగావాట్ల యూనిట్ పూర్తి లోడు మీద రోజంతా నడిస్తే 7,800 టన్నుల బొగ్గు తిని దాదాపు 2,960 టన్నుల బూడిద మిగులుస్తుంది. ఇదే లెక్కను 6,500 మెగావాట్లకు, ముప్పావు లోడుకు వేస్తే రోజుకు 29 వేల టన్నులు, ఏడాదికి కోటి టన్నుల పైమాట. అంతా రోడ్డు మీదే తరలించాలంటే 30 టన్నుల లారీలు రోజుకు 960 దాకా కావాలి.

బొగ్గు నాణ్యత తగ్గితే బూడిద అదే పాళ్లలో కాకుండా అంతకు మించి పెరుగుతుంది. కిలోకు 4,200 కిలో కేలరీల వేడి, 34 శాతం బూడిద ఉన్న బొగ్గు తీసుకుందాం. యూనిట్ కరెంటుకు 2,400 కిలో కేలరీలు కావాలనుకుంటే ఆ బొగ్గు 570 గ్రాములు సరిపోతుంది, బూడిద 194 గ్రాములు వస్తుంది. అదే 3,500 కిలో కేలరీలు, 42 శాతం బూడిద ఉన్న బొగ్గయితే 686 గ్రాములు కాల్చాలి, బూడిద 288 గ్రాములకు చేరుతుంది. బూడిద శాతం పెరిగింది 8 పాయింట్లే, యూనిట్ కరెంటుకు వచ్చే బూడిద మాత్రం దాదాపు సగం అదనం. బొగ్గు ఎక్కువ కాల్చాల్సి రావడం, కాల్చిన దాంట్లో బూడిద పాలు ఎక్కువ ఉండటం, రెండూ ఒకేసారి పడతాయి.

500 కిలోమీటర్లకు మించి రవాణా చేసే బొగ్గులో బూడిద 34 శాతం దాటకూడదన్న నిబంధనను కేంద్రం 2020 మేలో ఎత్తేసింది. గని పక్కనే ఉన్న రామగుండం లాంటి కేంద్రాలకు ఆ పరిమితి మొదటి నుంచీ వర్తించలేదు. ఇక్కడ బూడిద పరిమాణాన్ని శాసించేది గనిలో దొరికిన పొర నాణ్యత, దాంతో పాటు కలిసి వచ్చే రాయి, మట్టి.

చిమ్నీకి ముందు పట్టే బూడిద

బొగ్గును మిల్లుల్లో పిండి చేసి బాయిలర్‌లోకి ఊదుతారు. ఆ మంటలో బొగ్గులోని మట్టి కరిగి సన్నని గుండ్రటి రేణువులవుతుంది. మొత్తం బూడిదలో ఐదో వంతు ముద్దలు కట్టి, గడ్డలై బాయిలర్ అడుగున నీటి తొట్టిలో పడుతుంది. అది బాటమ్ యాష్. గ్రైండర్లతో నలగ్గొట్టి నీటితో తోస్తారు. ముతక ఇసుకలా ఉంటుంది. మిగిలిన నాలుగు వంతులు పొగతో పాటు ఎగిరివచ్చే ఫ్లై యాష్. మైక్రాన్ల సైజులో ఉండే ఈ బూడిద చుట్టూనే అసలు సమస్య, అసలు విలువ రెండూ ఉన్నాయి.

పొగ చిమ్నీకి చేరే ముందు ఎలక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటర్ గుండా వెళ్తుంది. ప్లాంట్లలో అందరూ ఈఎస్‌పీ అంటారు. వరసగా వేలాడే ఉక్కు పలకల మధ్య ఉండే తీగలకు పదుల వేల వోల్టుల డీసీ కరెంటు పెడితే బూడిద రేణువులు చార్జ్ అయి పలకలకు అతుక్కుంటాయి. విడతలు విడతలుగా సుత్తులు ఆ పలకలను తడుతుంటే బూడిద పెళ్లలుగా రాలి కింద గరాటు ఆకారంలో ఉండే తొట్లలో (హాపర్లలో) పడుతుంది. పొగ దాటే వరసలను ఫీల్డులు అంటారు. ముతక బూడిదలో అధిక భాగం మొదటి ఫీల్డులోనే దిగిపోతుంది. చివరి ఫీల్డుల్లో దొరికేది అతి సన్నని రకం, సిమెంటుకు అన్నిటికంటే మేలైనది.

ఈఎస్‌పీ సామర్థ్యం 99.9 శాతం, 99.5 శాతం అని చెప్పినప్పుడు తేడా స్వల్పమే అనిపిస్తుంది. 500 మెగావాట్ల యూనిట్‌లో రోజుకు సుమారు 2,400 టన్నుల ఫ్లై యాష్ ఈఎస్‌పీలోకి వెళ్తుంది. 99.9 శాతం పట్టుకుంటే చిమ్నీ దాటేది 2.4 టన్నులు. 99.5కి పడిపోతే 12 టన్నులు, అంటే ఐదు రెట్లు. 2015 డిసెంబరు నాటి నిబంధనల ప్రకారం పొగలో ధూళి 2004కు ముందు యూనిట్లకు ఘనపు మీటరుకు 100 మిల్లీగ్రాములు, 2004 నుంచి 2016 దాకా వచ్చిన వాటికి 50, ఆ తర్వాత వచ్చిన వాటికి 30 దాటకూడదు. ఒకే రామగుండంలో పాత కేంద్రానికి ఒక పరిమితి, పక్కనే ఉన్న కొత్త కేంద్రానికి మరో పరిమితి ఉండటానికి కారణం ఇదే.

ఈఎస్‌పీలో తరచూ వచ్చే చిక్కు హాపర్ జామ్ కావడం. హాపర్‌ను హీటర్లతో వేడిగా ఉంచాలి. హీటర్ పోయినా, మూత సందులోంచి బయటి గాలి లోపలికి లాగినా పొగలోని తేమ బూడిదలో చేరి ముద్ద కడుతుంది, కింది వాల్వ్ నుంచి జారదు. పైనుంచి బూడిద పడుతూనే ఉంటుంది కాబట్టి మట్టం పెరిగి కరెంటు తీగలను తాకుతుంది, షార్ట్ అయి ఆ ఫీల్డు ట్రిప్ అవుతుంది. ఆ వరస పని ఆగగానే దాని వాటా బూడిద వెనుక ఫీల్డుల మీద పడుతుంది. రెండు మూడు హాపర్లు ఇలా నిండితే చిమ్నీ నుంచి వచ్చే పొగ రంగు మారడం చుట్టుపక్కల ఊళ్లకు కంటికే తెలుస్తుంది. బూడిదను హాపర్‌లో నిల్వ ఉంచడం అలవాటైన చోట ఈ సమస్య ఎక్కువ. హాపర్ పని బూడిదను పట్టి వెంటనే వదలడమే, దాన్ని గోదాములా వాడకూడదు.

మన బొగ్గులో గంధకం తక్కువ. ఆమ్ల వర్షాల కోణంలో ఇది మంచిదే. కానీ గంధకం తక్కువైతే బూడిద విద్యుత్ నిరోధం పెరిగి పలకల మీద పట్టిన పొర చార్జ్‌ను వదలదు, పట్టు తగ్గుతుంది. అందుకే ఇక్కడి ఈఎస్‌పీలు విదేశీ బొగ్గు కోసం కట్టిన వాటికంటే చాలా పెద్దవి. కొన్నిచోట్ల పొగలోకి కొద్దిగా అమ్మోనియా వదిలి పట్టు పెంచుతారు.

తడిస్తే పోయే విలువ

హాపర్ నుంచి బూడిదకు రెండు దారులు. ఒకటి, గాలి ఒత్తిడితో గొట్టాల్లో పొడిగానే సైలోకు (మూసి ఉండే ఎత్తైన నిల్వ గాదెకు), అక్కడి నుంచి మూసిన ట్యాంకర్ లారీలకు. వీటినే బల్కర్లు అంటారు. రెండోది, నీళ్లు కలిపి స్లర్రీ చేసి పంపులతో బూడిద చెరువుకు.

పొడి బూడిద విలువ దానిలోని గాజులాంటి సిలికా, అల్యూమినాలో ఉంది. సిమెంటు నీటితో కలిసి గట్టిపడేటప్పుడు వెలువడే సున్నంతో ఈ సిలికా కలిసి అదనపు బంధాన్ని ఇస్తుంది. భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ప్రమాణం పోజోలానా సిమెంటులో (బూడిద కలిపి చేసే సిమెంటులో) 15 నుంచి 35 శాతం దాకా ఫ్లై యాష్ కలపడానికి అనుమతిస్తుంది. సున్నపురాయిని కాల్చి చేసే సిమెంటు ముడిగడ్డల (క్లింకర్) ఖర్చు ఆ మేరకు మిగులుతుంది కాబట్టి కంపెనీలే బల్కర్లు పంపి తీసుకెళ్తాయి. బసంత్‌నగర్, దేవాపూర్ లాంటి సిమెంటు కేంద్రాలు దగ్గరలో ఉండటం రామగుండం ప్రాంతానికి కలిసొచ్చిన అంశం.

చెరువులో పడ్డ బూడిద ఈ గుణం చాలావరకు కోల్పోతుంది. స్లర్రీ గొట్టం మూతి దగ్గర ముతకది దిగుతుంది, సన్నది దూరంగా కొట్టుకుపోతుంది. బాటమ్ యాష్ కూడా కలిసిపోతుంది. తవ్వితీస్తే తేమ 20 శాతం పైనే ఉంటుంది. దాన్ని ఆరబెట్టి, మళ్లీ నలిపి సిమెంటులో కలపడం కంటే కొత్త పొడి బూడిద తెచ్చుకోవడమే కంపెనీకి చవక.

నీటి ఖర్చు కూడా చిన్నది కాదు. పాత పద్ధతిలో టన్ను బూడిదకు ఆరు టన్నుల నీళ్లు కలిపారనుకుంటే 500 మెగావాట్ల యూనిట్ ఫ్లై యాష్ అంతా తోయడానికి రోజుకు 14 వేల ఘనపు మీటర్లకు పైగా కావాలి. కొత్త కేంద్రాలు వాడే చిక్కటి స్లర్రీలో ఘన పదార్థమే 60 శాతం దాకా ఉంటుంది. అది పేస్టులా జారి, పడిన చోటే గట్టిపడుతుంది, తేటనీరు అంతగా మిగలదు. అయితే దానికి అధిక ఒత్తిడి పంపులు కావాలి. నీళ్లు, బూడిద పాళ్లు తప్పితే కిలోమీటర్ల పొడవైన గొట్టం బిగుసుకుపోయి ముక్కలుగా కోయాల్సి వస్తుంది.

వానాకాలం వచ్చే చిక్కు

బూడిదకు గిరాకీ లేదన్న మాట సగమే నిజం. కొనేవాళ్లున్నా వాళ్లకు కావలసిన సమయం, బూడిద వచ్చే సమయం కలవవు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా కట్టడాలు నెమ్మదిస్తాయి, సిమెంటు అమ్మకాలు తగ్గుతాయి, ఇటుకల ఆరుబయలు తడుస్తాయి, రోడ్డు కట్టల పని ఆగుతుంది. వానలు వెనకబడ్డ ఏడాది అదే నెలల్లో వ్యవసాయ మోటార్ల వాడకం పెరిగి థర్మల్ యూనిట్లు పూర్తి లోడు మీద నడుస్తాయి. సైలోలో పట్టేది కొన్ని గంటల నుంచి ఒకటి రెండు రోజుల ఉత్పత్తి మాత్రమే. అది నిండితే బాయిలర్ ఆపరు, బూడిదను స్లర్రీ వైపు తిప్పుతారు. ఏడాది సగటు ఎంత బాగున్నా చెరువు నిండేది ఈ నాలుగు నెలల్లోనే.

దీనికి విరుగుడు పెద్ద పొడి గోదాములు, రైలు రవాణా. బూడిద కోసమే చేసిన మూసిన ట్యాంకు వ్యాగన్లు ఉన్నాయి. ఎక్కించే చోటా దించే చోటా సైలోలు, గాలి గొట్టాలు కావాలి కాబట్టి పెట్టుబడి ఎక్కువ. చెరువు విస్తరణ భూమికి పెట్టే ఖర్చుతో పోల్చినప్పుడు ఈ పెట్టుబడి అంత భారంగా కనిపించదు. ప్రణాళికల్లో ఈ పోలిక జరగాల్సినంతగా జరగడం లేదు.

బూడిద చెరువు కట్ట ఎక్కడ తెగుతుంది

బయటివాళ్లకు బూడిద చెరువు ఒక బూడిద రంగు మైదానం. ఇంజనీర్ల దృష్టిలో అది ఏటా ఎత్తు పెరుగుతూ పోయే ఆనకట్ట. మొదట మట్టితో ఒక కట్ట పోస్తారు. అది నిండాక దానిపైన, కొంత లోపలికి జరిపి, సుమారు మూడు మీటర్ల ఎత్తున మరో కట్ట. ఇలా మెట్లు మెట్లుగా లేపుతారు. రెండో మెట్టు నుంచి కట్ట బరువు నిలిచేది గట్టి నేల మీద కాదు, అంతకుముందు దిగిన బూడిద మీద. ఆ బూడిద నీరు ఇంకిపోయి గట్టిపడి ఉంటే ఫర్వాలేదు. తడిగా వదులుగా ఉంటే పైబరువుకు పక్కకు జారుతుంది. భూమి కంపించినా, నీటిమట్టం ఒక్కసారి పెరిగినా ద్రవంలా పారుతుంది కూడా.

కట్ట భద్రత స్లర్రీని ఎక్కడ వదులుతారన్న దాని మీద ఆధారపడుతుంది. గొట్టాల మూతులు కట్ట పొడవునా ఉండాలి, వంతుల వారీగా మార్చాలి. అప్పుడు ముతక బూడిద కట్ట వెంబడి దిగి మెల్లగా లోపలికి వాలే తీరంలా ఏర్పడుతుంది. తేటనీరు కట్టకు దూరంగా, మధ్యలోని బావి ద్వారా బయటికి వెళ్తుంది. మూతి మార్చే శ్రమ తప్పించుకుని నెలల తరబడి ఒకేచోట వదిలితే వాలు తిరగబడి, నీటి మడుగు వచ్చి ఎదుటి కట్టకు ఆనుకుంటుంది. తెగిన చెరువుల వెనుక తరచూ కనిపించే నిర్వహణ లోపం ఇదే.

కట్ట వెలుపలి వాలు మీద తడి మచ్చ కనిపిస్తే లోపలి నీటి గీత పైకి వచ్చిందని అర్థం. కారే నీరు తేటగా ఉంటే కింది వడపోత కాలువ పనిచేస్తోందో లేదో చూసి బాగుచేయడానికి సమయం ఉంటుంది. అదే నీరు బూడిద రంగులో వస్తే లోపలి రేణువులు కొట్టుకువస్తున్నాయని, కట్టలో సొరంగం పడుతోందని లెక్క. అప్పటికి మిగిలేది గంటలే. వెంటనే స్లర్రీ ఆపాలి, బావి తెరిచి మడుగు దించాలి, కారే చోట ముందు ఇసుక, ఆపైన కంకర, ఆపైన రాళ్లు వరుసగా పోసి నీటిని వదిలి రేణువులను ఆపాలి. కంగారులో మట్టి బస్తాలతో ఊట మూసేస్తే లోపలి ఒత్తిడి మరో బలహీనమైన చోట బద్దలవుతుంది.

ఇవి పుస్తకాల్లో ఉండిపోయే భయాలు కావు. 2019, 2020 సంవత్సరాల్లో మధ్యప్రదేశ్‌లోని సింగ్రౌలీ ప్రాంతంలో ఏడాది తిరగకముందే మూడు బూడిద చెరువులు తెగాయి. 2020 ఏప్రిల్‌లో సాసన్ కేంద్రం దగ్గర జరిగిన ఘటనలో ఆరుగురు చనిపోయారు. అమెరికాలోని టెనెసీ రాష్ట్రం కింగ్‌స్టన్‌లో 2008 డిసెంబరులో కట్ట తెగి 40 లక్షల ఘనపు మీటర్లకు పైగా తడి బూడిద ఇళ్లనూ నదినీ ముంచింది. అక్కడ కూడా కట్టను లేపింది పాత బూడిద మీదే.

దుమ్ము, ఊట

కట్ట తెగడం అరుదు. దుమ్ము మాత్రం ఏటా వచ్చేదే. ఫిబ్రవరి నుంచి చెరువు పైభాగం ఆరిపోతుంది. ఏప్రిల్, మే గాలిదుమారాలకు కుందనపల్లి లాంటి చెరువు పక్క ఊళ్ల మీద బూడిద దిగుతుంది. పైపొరలో తేమ తగినంత ఉన్నంతకాలం బూడిద లేవదు. అందుకే స్ప్రింక్లర్లు పెడతారు. అవి గాలి లేచే మధ్యాహ్నం వేళ నడవాలి, తడిపిన వలయాలు ఒకదానిమీద ఒకటి పడాలి. మధ్యలో పొడి పట్టీ వదిలితే అక్కడి నుంచే మేఘం లేస్తుంది. నిండిన భాగానికి అడుగు మందాన మట్టి కప్పి గడ్డి, చెట్లు పెంచడమే శాశ్వత మార్గం. అయితే ఆ చెరువును మళ్లీ లేపాలనో తవ్వాలనో అనుకున్నప్పుడు ఈ పని వాయిదా పడుతూ పోతుంది.

ఎగిరే దాంట్లో ఊపిరితిత్తుల లోతుకు చేరేంత సన్నని రేణువులు, స్ఫటిక సిలికా ఉంటాయి. ఎక్కువ ముప్పు చెరువులో తవ్వే, లారీలకు ఎత్తే కూలీలకు. గుడ్డ కట్టుకుంటే ఆగే రేణువులు కావివి. పంటల విషయానికొస్తే ఆకు మీద పట్టిన పొర వెలుతురును అడ్డుకుంటుంది. విచ్చిన పత్తిమీద పడిన బూడిద దులిపినా పోదు, రైతుకు ధర తగ్గుతుంది.

నీటి సంగతి అంత తొందరగా బయటపడదు. బొగ్గులో లేశమాత్రంగా ఉన్న ఆర్సెనిక్, సెలీనియం, బోరాన్, క్రోమియం లాంటివి కాలాక బూడిదలో కేంద్రీకృతమై రేణువుల పైపొరలో చేరతాయి. నీటిలో నానితే కొంత కొంత వదులుతాయి. ఎంత వదులుతాయన్నది నీటి ఆమ్ల, క్షార గుణాన్ని బట్టి మారుతుంది. కొత్త చెరువుల అడుగున ప్లాస్టిక్ షీటు పరుస్తారు. పాత చెరువుల్లో చాలావాటికి అది లేదు. చెరువుకు ఎగువన ఒక బోరు, దిగువన రెండు మూడు బోర్లు పెట్టి ఏటా వానకు ముందు, తర్వాత పరీక్షిస్తేనే ఊట సంగతి తెలుస్తుంది. దిగువ బోరు ఒక్కటే చూస్తే అది నేల సహజ గుణమా, బూడిద ప్రభావమా తేల్చలేం. ఫ్లోరైడ్ సహజంగానే ఉన్న తెలంగాణ నేలల్లో ఈ తేడా మరీ ముఖ్యం.

'వంద శాతం' లెక్కలో ఏముంది

దేశంలో బూడిద వినియోగంపై మొదటి నోటిఫికేషన్ 1999లో వచ్చింది. 1996-97లో దేశం మొత్తం బూడిద 6.9 కోట్ల టన్నులు, అందులో వాడింది పదో వంతు కూడా లేదు. 2021-22లో 27 కోట్ల టన్నులు వస్తే దాదాపు 96 శాతం వాడినట్టు కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లెక్క. ఇది నిజమైన ప్రగతే.

2021 డిసెంబరు 31 నాటి నోటిఫికేషన్ నిబంధనను బిగించింది. 2022 ఏప్రిల్ నుంచి మూడేళ్ల విడతలో సగటున వంద శాతం, ఏ ఏడాదీ 80కి తగ్గకుండా వాడాలి. 60 నుంచి 80 శాతం మధ్య ఉన్న కేంద్రాలకు మొదటి విడత నాలుగేళ్లు, అంతకంటే తక్కువ ఉన్నవాటికి ఐదేళ్లు. వాడని ప్రతి టన్నుకూ వెయ్యి రూపాయల పర్యావరణ పరిహారం. అత్యవసర చెరువుకు మెగావాట్‌కు 0.1 హెక్టారు దాటకూడదు. 1,600 మెగావాట్ల కేంద్రానికి ఇది 160 హెక్టార్లు, సుమారు 395 ఎకరాలు.

పాత చెరువుల్లోని నిల్వకు వేరే లెక్క. పదేళ్లలో తీయాలి. మొదటి ఏడాది ఆ ఏటి ఉత్పత్తిలో 20 శాతానికి సమానంగా, రెండో ఏడాది 35, ఆపైన 50 శాతం. మట్టి కప్పి చెట్లు పెంచి స్థిరపరిచిన చెరువుకు మినహాయింపు ఉంది. అందుకే ఒక కేంద్రం 110 శాతం వినియోగం చూపినా అయోమయపడనక్కర్లేదు, ఆ ఏటి బూడిదతో పాటు పాతది తీసింది కూడా కలిపారని అర్థం. దీనికి తిరగబడ్డ పరిస్థితీ ఉంటుంది. చెరువు నుంచి తీసింది ఎక్కువ, హాపర్ నుంచి పొడిగా తీసింది తక్కువ అయితే శాతం బాగానే కనిపిస్తుంది, తడి బూడిద మాత్రం చేరుతూనే ఉంటుంది. శాతం కంటే పొడిగా పట్టింది ఎంత, చెరువుకు పంపింది ఎంత అనే రెండు అంకెలే అసలు విషయం చెబుతాయి.

ఎవరు ఎంత మింగగలరు

బూడిద ఇటుకల గురించి చర్చ ఎక్కువ, వాటి సామర్థ్యం తక్కువ. మూడు కిలోల ఇటుకలో 60 శాతం బూడిద అనుకుంటే 1.8 కిలోలు. రోజుకు పది వేల ఇటుకలు చేసే యూనిట్ వాడేది 18 టన్నులు. ఒక 500 మెగావాట్ల యూనిట్ ఫ్లై యాష్ మొత్తం వాడాలంటే అలాంటివి 130కి పైగా ఏడాది పొడవునా నడవాలి. ఉపాధి కోణంలో ఇటుక యూనిట్లు అవసరం, పెద్దపల్లి మట్టి ఇటుక బట్టీల చెరువు మట్టి వాడకం తగ్గించడానికీ అవసరం. బూడిద సమస్యను మాత్రం అవి తీర్చలేవు. నాణ్యత దెబ్బతినేది క్యూరింగ్ దగ్గర. ఈ ఇటుకకు బలం నెమ్మదిగా వస్తుంది, కనీసం రెండు వారాలు తడపాలి. గిరాకీ ఉందని నాలుగో రోజే లారీకెత్తితే మూలలు రాలతాయి, గోడ కట్టాక కుంచించుకుని ప్లాస్టరింగ్ పగుళ్లిస్తుంది. కొనేవాళ్లు ఆ తప్పును బూడిద మీదికి నెడతారు.

ఏడాదికి పది లక్షల టన్నుల పోజోలానా సిమెంటు తీసే కేంద్రం 30 శాతం కలిపితే రోజుకు 820 టన్నుల ఫ్లై యాష్ వాడుతుంది. రోడ్డు కట్టలు ఇంకా ఎక్కువ తీసుకుంటాయి. సగటున 30 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు ఉన్న కట్టలో మూడింట రెండు వంతులు బూడిద పోస్తే కిలోమీటరుకు 72 వేల టన్నులు. మంచిర్యాల, వరంగల్, ఖమ్మం మీదుగా కడుతున్న గ్రీన్‌ఫీల్డ్ జాతీయ రహదారి లాంటివి చెరువులోంచి తీసిన బూడిదకు (పాండ్ యాష్) మంచి అవకాశం. బూడిద మట్టికంటే తేలిక, మెత్తటి నేలమీద కట్ట దిగడం తగ్గుతుంది. కానీ దానికి జిగట లేదు. పక్కలకు మీటరు పైగా మందాన మంచి మట్టి లేదా మొరం కప్పాలి, ఎత్తు మూడు మీటర్లు దాటితే మధ్యమధ్య మట్టి పొర వేయాలి, పోసిన రోజే తడిపి రోలర్ తిప్పాలి. పక్క మట్టి తర్వాత వేద్దామని వదిలేసిన కట్ట మొదటి పెద్ద వానకే కోసుకుపోయి పక్క పొలాల్లో చేరుతుంది. రవాణాలో పరదా కప్పకపోవడం, ఓవర్‌లోడ్ మరో తలనొప్పి. టన్ను ధర రవాణా మీదే ఆధారపడినప్పుడు లారీకి అదనంగా ఐదు పది టన్నులు ఎక్కించే ఒత్తిడి సహజంగానే పుడుతుంది. కేంద్రం గేటు దగ్గర వేబ్రిడ్జి చీటీ లేకుండా లారీ కదలని చోట దీన్ని సులభంగా ఆపవచ్చు.

గని గోతులు: చవక దారి, జాగ్రత్త అవసరమైన దారి

వీటన్నిటినీ మించిన చోటు బొగ్గు తీసేసిన ఓపెన్‌కాస్ట్ గొయ్యి. చదరపు కిలోమీటరు వైశాల్యం, వంద మీటర్ల లోతు ఉన్న గొయ్యి పది కోట్ల టన్నుల బూడిదను పట్టగలదు, ఉత్తర తెలంగాణ కేంద్రాలన్నిటి తొమ్మిదిన్నరేళ్ల బూడిద. రామగుండం చుట్టూ మేడిపల్లి లాంటి తవ్వకం ముగిసిన గనులున్నాయి. థర్మల్ కేంద్రానికి 300 కిలోమీటర్లలోపు గనులు పూడ్చే, డంపు చేసే మట్టిలో బరువు ప్రకారం కనీసం 25 శాతం బూడిద కలపాలని 2021 నిబంధన. భూగర్భ గనుల్లో బొగ్గు తీసిన ఖాళీలను గోదావరి ఇసుకతో నింపే పనిలో (స్టోయింగ్) బాటమ్ యాష్ కొంతవరకు సరిపోతుంది, నీరు వెంటనే జారిపోతుంది కాబట్టి. సన్నని ఫ్లై యాష్ నీటిని పట్టి ఉంచి అడ్డుగోడ మీద ఒత్తిడి పెంచుతుంది, కార్మికులకు ప్రమాదం.

గొయ్యి చవక కావడానికి కారణమే దాని ప్రమాదం కూడా. అది భూగర్భ జలమట్టానికి చాలా లోతున ఉంటుంది. తవ్వకం జరిగినన్నాళ్లు పంపులు నీటిని తోడుతాయి. అవి ఆగాక నీరు పైకి వచ్చి అడుగు బూడిదను శాశ్వతంగా నానబెడుతుంది. చెరువులా అడుగున షీటు పరిచే వీలు అంత లోతు గొయ్యిలో దాదాపు లేదు. అందుకే పోయకముందే చుట్టూ బోర్ల నీటి పరీక్ష ఫలితాలు నమోదు చేయాలి. లేకపోతే పదేళ్ల తర్వాత నీరు మారినా పోల్చడానికి ఏమీ ఉండదు. బూడిద, ఓవర్‌బర్డెన్ మట్టి (బొగ్గు పొర మీది నుంచి తవ్వి తీసిన మట్టి, రాయి) పొరలు పొరలుగా వేయడం, పైన మందంగా మట్టి కప్పడం, పరీక్షలు పూడ్చడం ముగిశాక కూడా ఏళ్ల తరబడి కొనసాగించడం తప్పనిసరి. ఆ ఖర్చు ఎవరిదన్నది గని సంస్థకూ విద్యుత్ సంస్థకూ మధ్య ఒప్పందంలోనే రాసుకోవాలి.

పల్లెలకు అందుబాటులో ఉన్న సమాచారం ఇదివరకటి కంటే ఎక్కువే. ప్రతి కేంద్రం నెలవారీ బూడిద లెక్కను కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో పెట్టాలి, ఏటా ఏప్రిల్ 30లోగా అమలు నివేదిక ఇవ్వాలి. పర్యావరణ అనుమతుల అమలుపై ఆరు నెలలకోసారి నివేదిక కూడా ఉంటుంది. చెరువు పక్క ఊరి పంచాయతీ వాటిలో చూడాల్సినవి నాలుగు: హాపర్ నుంచి పొడిగా వెళ్లిన టన్నులు, జూన్ నుంచి సెప్టెంబరు దాకా చెరువుకు పంపిన టన్నులు, కట్ట మీద నీటిమట్టం కొలిచే గొట్టాల రీడింగులు, ఎగువ దిగువ బోర్ల నీటి పరీక్షలు. మొదటి రెండూ కలిస్తే ఆ నెలల్లో వచ్చిన బూడిదకు సరిపోవాలి. సరిపోకపోతే తేడా ఎక్కడికి పోయిందని గ్రామసభలో అడగవచ్చు.